లా చదవాలి, సమాజాన్నీ చదవాలి: హైదరాబాద్‌లో ఏ దారి ఎవరికి

ఇంటర్‌లో హెచ్‌ఈసీ, సీఈసీ తీసుకున్న పిల్లలు, డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "లా అంటే ఇష్టమే. కానీ సెక్షన్లు బట్టీ పట్టడమే లా అయితే నాకొద్దు. చరిత్ర, సోషియాలజీ, పాలిటిక్స్ వదులుకోలేను. రెండూ కలిసి వచ్చే చదువు ఏది?" ఇంట్లోవాళ్లేమో తొందరగా తేల్చమంటారు. స్నేహితులు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ కోసం కోచింగ్‌లో చేరిపోతుంటారు. ఆ టెన్షన్‌లో చాలామంది కాలేజీ పేరు చూసి చేరిపోతారు, చదువు ఎలాంటిదో చూడరు.

హైదరాబాద్‌లో మీకు మూడు దారులున్నాయి. ఇంటర్ అవగానే ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ ఒకటి. ముందు సోషల్ సైన్సెస్‌లో డిగ్రీ చేసి, తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయడం రెండోది. ఎంఏ, పీహెచ్‌డీ దారిలో వెళ్తూ చట్టాన్ని పరిశోధనా విషయంగా తీసుకోవడం మూడోది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోర్టులో నిలబడాలని పదిహేడేళ్లకే గట్టిగా అనుకున్నవాళ్లకు మొదటిది మంచిది. మిగతావాళ్లలో ఎక్కువమందికి, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు, రెండోదే మేలు. నేను ఎంఏ తర్వాత లాలోకి వచ్చాను కాబట్టి నా మొగ్గు అటువైపు ఉంటుంది. అది గుర్తుపెట్టుకునే ఈ సలహా చదవండి.

రెండూ ఎందుకు కలవాలి

దారులు పోల్చే ముందు, అసలు ఈ రెండు చదువులు కలిస్తే ఏం వస్తుందో ఒక్క కాగితం పట్టుకుని చూద్దాం. ఆ కాగితం పహాణీ, అంటే ఊళ్లో భూముల వివరాలు రాసే రెవెన్యూ రికార్డు. తెలంగాణలో భూమి కేసు ఏదైనా చివరికి దాని దగ్గరికే వస్తుంది. పాత పహాణీలో సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తుతో పాటు పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు ఇంకో గడి ఉంటాయి. భూమి ఎవరి పేరున ఉందో మొదటిది చెబుతుంది. దున్నుతున్నది ఎవరో రెండోది చెబుతుంది.

లా మాత్రమే చదివినవాళ్లు ఈ రెండు గడులను సాక్ష్యంగా చూస్తారు. దేనికి ఎంత బలం, ఎన్నేళ్ల పహాణీలు వేయాలి, స్వాధీనం ఎలా రుజువు చేయాలి అని ఆలోచిస్తారు. అది తప్పనిసరిగా రావాలి. చరిత్ర చదివినవాళ్లు ఇంకో ప్రశ్న వేస్తారు: 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం ఎందుకు వచ్చింది? సాయుధ పోరాటం, పోలీస్ యాక్షన్ తర్వాత జాగీర్లు రద్దయి, రక్షిత కౌలుదారులనే వర్గానికి చట్టం గుర్తింపు ఇచ్చిన సందర్భం అది. రక్షిత కౌలుదారుకు ఆ చట్టం కింద యాజమాన్య హక్కు ఇచ్చే 38-ఈ సర్టిఫికెట్ పట్టుకుని ఇవాళ కోర్టు మెట్లెక్కే మనవడి కేసు నిజానికి అక్కడ మొదలైంది. సోషియాలజీ చదివినవాళ్లు మూడో ప్రశ్న వేస్తారు: అనుభవదారు గడిలో ఏ కులంవాళ్ల పేర్లున్నాయి? ఆడవాళ్ల పేర్లు ఎన్ని? నోటి మాట మీద కౌలు చేసేవాళ్ల పేర్లు ఏ గడిలోకీ ఎందుకు రాలేదు?

2020లో భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు అనుభవదారు గడి తీసేయడం మీద పెద్ద చర్చ జరిగింది. 2025లో దాని స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. కాగితంలో ఒక్క గడి ఉండాలా వద్దా అన్నది సాఫ్ట్‌వేర్ విషయంలా కనిపిస్తుంది. కానీ ఎవరి బతుకుకు చట్టం ముందు రుజువు మిగులుతుందో ఆ గడే తేలుస్తుంది. ఈ మూడు ప్రశ్నలూ ఒకే మనిషి వేయగలిగితే ఆ వాదన బలం వేరుగా ఉంటుంది.

ఇంకో ఉదాహరణ ఆదిలాబాద్ అడవులది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక, గోండుల తిరుగుబాటుకు కారణాలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త సాయం తీసుకుంది. ఆయన మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని దగ్గర నుంచి చూశాడు. భూములు ఎలా చేజారుతున్నాయో రాశాడు. తర్వాత వచ్చిన గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్‌లో ఆ పరిశీలనల ప్రభావం ఉంది. గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధిస్తూ ఏజెన్సీలో అందరి నోటా వినిపించే 1/70 చట్టానికి వెనక ఇలాంటి పూర్వరంగం ఉంది. ఆ చట్టం మీదే విశాఖ ఏజెన్సీలోని మైనింగ్ లీజుల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1997లో సమతా తీర్పుగా వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చేయకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని అందులో కోర్టు చెప్పింది. ఒక పరిశోధకుడి నోటు పుస్తకం నుంచి రెగ్యులేషన్ దాకా, అక్కడి నుంచి తీర్పు దాకా సాగిన ఈ దారిని మొత్తంగా చదవగలిగినవాళ్లు మనకు తక్కువమందే ఉన్నారు. కావలసింది అలాంటివాళ్లే.

ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ

పేరులోనే బీఏ ఉంది కాబట్టి ఇందులో రెండూ సమానంగా వస్తాయని చాలామంది అనుకుంటారు. లా చదువుకు ప్రమాణాలు పెట్టే బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ఈ కోర్సులో పొలిటికల్ సైన్స్, సోషియాలజీ, హిస్టరీ, ఎకనామిక్స్ లాంటి పేపర్లు ఉండాలి. ఉంటాయి కూడా, ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలో. తేడా అంతా వాటిని ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు అన్నదాంట్లోనే ఉంది.

నల్సార్‌ను తీసుకుందాం. 1998లో మొదలై, ఇప్పుడు శామీర్‌పేటలో ఉన్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఇది. సోషల్ సైన్సెస్‌ను లా లోపలికి తీసుకొచ్చిన అధ్యాపకులు అక్కడ పనిచేశారు. సామాజిక శాస్త్రవేత్త కల్పనా కన్నబిరాన్ 1999 నుంచి పదేళ్లు అక్కడే పాఠాలు చెప్పారు. లైబ్రరీ బాగుంటుంది. పై సంవత్సరాల్లో విద్యార్థులు తమకు నచ్చిన సెమినార్ కోర్సులు ఎంచుకోవచ్చు. ఆ కోర్సుల్లో లా అండ్ సొసైటీ తరహా చదువు బాగా దొరుకుతుంది. దేశమంతటి నుంచి వచ్చిన తోటి విద్యార్థులతో వాదించడం కూడా ఒక చదువే.

లోపల వచ్చే ఒత్తిడి సంగతి మాత్రం తెలుసుకుని వెళ్లండి. రెండో ఏడాది నుంచే ఇంటర్న్‌షిప్పులు, మూట్ కోర్టులు (నమూనా వాదన పోటీలు), లా ఫర్మ్ ఉద్యోగాల మాటలు మొదలవుతాయి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలన్నిటిలో ఉన్న వాతావరణమే ఇది. సోషియాలజీ పేపర్‌ను త్వరగా దాటేయాల్సిన పేపర్‌గా చూసే తోటివాళ్లు ఎక్కువ. మీ ఇష్టం గట్టిదైతే నిలుస్తుంది. గట్టిది కాకపోతే ఐదో ఏడాదికి కార్పొరేట్ లా తప్ప వేరే ఆలోచన మిగలదు. ఫీజు లక్షల్లో ఉంటుంది. విద్యారుణం తీసుకుంటే, ఆ రుణమే మీ మొదటి ఉద్యోగాన్ని ఎంచుకుంటుంది. ఈ మాట ఇంట్లో కూర్చుని చేరకముందే మాట్లాడుకోండి.

చేరడానికి క్లాట్ రాయాలి. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పు సమాధానానికి పావు మార్కు కోత. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ప్రతి విభాగంలో ఒక పేరా ఇచ్చి దాని మీద ప్రశ్నలు వేస్తారు. కాబట్టి ఇది ఎక్కువగా చదివే వేగానికి పరీక్ష. జడ్చర్లలో, మిర్యాలగూడలో తెలుగు మీడియంలో చదివి పౌరనీతి అంటే ప్రాణం పెట్టే పిల్లవాడు ఇందులో వెనకబడితే, లా అర్థం చేసుకునే శక్తి లేదని దాని అర్థం కాదు. ఆ పరీక్ష కొలిచేది వేరు.

రాష్ట్రంలోని మిగతా కాలేజీల్లో ఎక్కువవాటిలో ఐదేళ్ల కోర్సుకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్ రాయాలి. ఇందులోనూ 120 ప్రశ్నలే, సమయం తొంభై నిమిషాలు, మైనస్ మార్కులు లేవు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌తో పాటు తెలుగులో, ఉర్దూలో కూడా వస్తుంది. ఫీజు కాలేజీని బట్టి మారుతుంది. అర్హత ఉన్నవాళ్లకు కన్వీనర్ కోటాలో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. ఈ కాలేజీల్లో తేడాలు చాలా పెద్దవి. కొన్నిచోట్ల సోషియాలజీ పేపర్‌ను సోషియాలజీ చదివినవాళ్లే చెబుతారు. కొన్నిచోట్ల లా లెక్చరర్లే గైడు పెట్టుకుని నడిపించేస్తారు. రెండో రకం కాలేజీలో ఐదేళ్లు చదివితే బీఏ అన్నది సర్టిఫికెట్ మీద పేరు వరకే. ఆ ఐదేళ్లకు బదులు డిగ్రీ విడిగా, లా విడిగా చేయడం ఎంతో నయం.

డిగ్రీ, ఆ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ

ఈ దారిని మన ఇళ్లలో తక్కువగా చూస్తారు. "డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తోచక లాలో చేరాడు" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాట పట్టించుకోకండి.

ఏడాది లెక్క చూడండి. ఐదేళ్ల కోర్సు చేసినవాళ్లు ఇంటర్ అయ్యాక ఐదేళ్లకు లాయర్ అవుతారు. బీఏ మూడేళ్లు, ఎల్‌ఎల్‌బీ మూడేళ్లు చేసినవాళ్లు ఆరేళ్లకు అవుతారు. తేడా ఒక్క ఏడాది. ఆ ఒక్క ఏడాదికి బదులుగా మీకు పూర్తి స్థాయి సోషల్ సైన్స్ డిగ్రీ వస్తుంది. బషీర్‌బాగ్‌లో నిజాం కాలేజీ ఉంది. కోఠి ఉమెన్స్ కాలేజీ ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయమైంది. ఇలాంటి చోట హిస్టరీ, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ చెప్పేవాళ్లు ఆ సబ్జెక్టుల్లోనే పనిచేసినవాళ్లు. వాళ్ల దగ్గర మూడేళ్లు కూర్చుంటే ప్రశ్న వేయడం ఎలాగో వస్తుంది. ఫలానా లెక్క ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు అని చూసే అలవాటు పడుతుంది. ఆ తర్వాత లా క్లాసులో తీర్పు చదువుతుంటే, జడ్జి ఏ సామాజిక నమ్మకం మీద నిలబడి ఆ వాక్యం రాశారో మీకు కనబడుతుంది.

ఈ నగరంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. బాలగోపాల్ గణితంలో పీహెచ్‌డీ చేసి, కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, ఏళ్ల తరబడి పౌరహక్కుల పనిలో ఊళ్లు తిరిగాక లా చదివి 1998 నుంచి హైకోర్టులో ప్రాక్టీస్ చేశారు. 2009లో చనిపోయేదాకా ఆయన వాదించిన కేసులకు, రాసిన వ్యాసాలకు బలం ఇచ్చింది అంతకుముందు ఆయన చూసిన సమాజమే. అంబేడ్కర్ దారి కూడా అలాంటిదే. ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ చదువు, దాని పక్కనే బారిస్టరు చదువు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక వెసులుబాటు ఉంది. ఎల్‌ఎల్‌బీ చదువుతూ ఇంకో రెగ్యులర్ డిగ్రీలో చేరకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చేయవచ్చని చెప్పింది కదా అని ఆశపడకండి, లా కోర్సుకు బార్ కౌన్సిల్ మాటే చెల్లుతుంది. అయితే ఆ నిబంధనలోనే దూరవిద్యా కేంద్రాలు నడిపే కోర్సులకు మినహాయింపు ఉంది. అంటే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో, ఇగ్నోలోనో సోషియాలజీ, హిస్టరీ, పొలిటికల్ సైన్స్ ఎంఏను ఎల్‌ఎల్‌బీతో పాటు చేసుకోవచ్చు. బీఏ, ఎల్‌ఎల్‌బీ, ఎంఏ మూడూ ఆరేళ్లలో పూర్తవుతాయి. చేరేముందు మీ లా కాలేజీలో చెప్పి, రాతపూర్వకంగా సరే అనిపించుకోండి. లాను మాత్రం దూరవిద్యలో చేయకండి, ఆ డిగ్రీతో ఎన్‌రోల్‌మెంట్, అంటే లాయరుగా నమోదు, రాదు.

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి కూడా లాసెట్టే. జనరల్ వాళ్లకు డిగ్రీలో 45 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. అవకాశం దొరికితే ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోని లా కాలేజీకే మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. ఫీజు ఒక కారణం. అసలు కారణం పక్కనే ఆర్ట్స్ కాలేజీ ఉండటం. 1918లో మొదలైన ఈ యూనివర్సిటీలో సోషల్ సైన్సెస్ వాళ్ల సెమినార్లకు లా విద్యార్థి వెళ్లి కూర్చుంటే ఎవరూ వద్దనరు. మీ సీనియర్లలో పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, ఉద్యమాల్లో పనిచేసినవాళ్లు, ఉద్యోగం వదిలి వచ్చిన నడివయసు వాళ్లు ఉంటారు. ఆ క్లాసులో ఉద్యోగ వివాదం మీద చర్చ వస్తే, నిజంగా సస్పెండ్ అయిన మనిషి లేచి మాట్లాడతాడు. పద్దెనిమిదేళ్ల పిల్లలే ఉన్న క్లాసులో అది రాదు.

లోపాలూ ఉన్నాయి. రెగ్యులర్ కోర్సు అయినా హాజరు సరిగా పట్టించుకోని కాలేజీలు ఉన్నాయి. 70 శాతం హాజరు ఉండాలన్నది నిబంధన. కానీ "వచ్చి పరీక్ష రాస్తే చాలు" అని అడ్మిషన్ రోజే చెప్పే చోట చేరితే మూడేళ్లు ఉత్తగా పోతాయి. ఇంగ్లిష్‌లో రాయడం ఎవరూ నేర్పరు, మీరే నేర్చుకోవాలి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి ఏడాదిలోనే రోజుకో తీర్పు చదివి, సగం పేజీలో సారాంశం రాసే పని పెట్టుకుంటే రెండో ఏడాదికి భయం పోతుంది. తెలుగు వదులుకోవద్దు. కింది కోర్టుల్లో సాక్షి చెప్పేది తెలుగులోనే, ఉర్దూలోనే. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు కూడా ఇచ్చింది.

ఎంఏ, పరిశోధన దారి

కోర్టులో వాదించాలని లేదు, చట్టం జనం మీద ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని ఉంది అనేవాళ్లకు ఈ దారి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సోషల్ సైన్సెస్ శాఖలు బలమైనవి. ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏలో చేరవచ్చు, డిగ్రీ తర్వాత ఎంఏలో చేరవచ్చు.

ఆ యూనివర్సిటీ పుట్టుకే లాకూ రాజకీయ చరిత్రకూ మధ్య ఉన్న పాఠం. ఉద్యోగాలు స్థానికులకే అంటూ 1919 ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనలు, 1969 తెలంగాణ ఉద్యమం, ఆ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, దాని మీద జై ఆంధ్ర ఉద్యమం, 1973లో ఆరు సూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణ. ఆ సవరణతో 371-డి, 371-ఈ అధికరణాలు వచ్చాయి. 371-డి చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికుల అవకాశాల గురించి. 371-ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది, 1974లో యూనివర్సిటీ వచ్చింది. లాసెట్ కౌన్సెలింగ్‌లో మీరు లోకలా, నాన్‌లోకలా అని అడిగే ప్రశ్న వెనక ఉన్నది కూడా ఈ కథే. ముల్కీ కేసుల్ని లా పుస్తకంలో చదివితే అధికరణాల వ్యాఖ్యానం దొరుకుతుంది. ఆ రోజుల్లో ఉద్యోగం రాని కుర్రాళ్ల కోపం ఎందుకు అంత పెద్దదైందో తెలియాలంటే చరిత్ర దగ్గరికే రావాలి.

పరిశోధన చేయాలనుకుంటే నగరంలో యూనివర్సిటీల బయట కూడా చోట్లున్నాయి. బేగంపేటలోని సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్), రాజేంద్రనగర్‌లోని కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్, స్త్రీల అధ్యయనాల కోసం 1985లో మొదలైన అన్వేషి. వీటి పుస్తకాలు, వర్కింగ్ పేపర్లు చదివితే ఏ రకం ప్రశ్న మీద పనిచేయాలో మీకే తెలుస్తుంది.

ఈ దారిలో పెద్ద చిక్కు టీచింగ్ ఉద్యోగాల దగ్గర వస్తుంది. లా కాలేజీలో లా పేపర్ చెప్పాలంటే ఎల్‌ఎల్‌ఎం (లాలో పీజీ), నెట్ (జాతీయ అర్హత పరీక్ష) కావాలి. సోషియాలజీ శాఖలో ఉద్యోగానికి సోషియాలజీ ఎంఏ, ఆ సబ్జెక్టులో నెట్ కావాలి. సగం ఇటు, సగం అటు ఉన్న మనిషికి నోటిఫికేషన్‌లో గడి ఉండదు. కాబట్టి పేరుకు "ఇంటర్‌డిసిప్లినరీ" అని ఉన్న ఎంఏలో చేరేటప్పుడు, నెట్ ఏ సబ్జెక్టులో రాయగలరో ముందే చూసుకోండి. ఎంఏ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, ఆ పైన ఎల్‌ఎల్‌ఎం చేస్తే రెండు తలుపులూ తెరుచుకుంటాయి. కాకపోతే ఇంటర్ తర్వాత తొమ్మిది పదేళ్లు పడుతుంది. అంతకాలం ఇంటి ఖర్చు భరిస్తూ ఎదురుచూడగలిగే పరిస్థితి మీకుందా అన్నది మీరే చూసుకోవాలి. ఫెలోషిప్ వచ్చేదాకా ఆ భారం కుటుంబం మీదే పడుతుంది. ఎన్‌రోల్ అయిన లాయరు రోజుకు మూడు గంటలు మించకుండా లా పాఠాలు చెప్పుకోవచ్చన్న నిబంధన ఉంది, ఆ మధ్యకాలంలో కొందరికి అది పనికొస్తుంది.

ఎల్‌ఎల్‌ఎం సంగతి

ఐదేళ్ల కోర్సు చేశాక సోషల్ సైన్స్ మిస్ అయిందనిపిస్తే ఎల్‌ఎల్‌ఎంతో పూడ్చుకోవచ్చని కొందరు అనుకుంటారు. నల్సార్‌లో ఏడాది కోర్సు ఉంది, క్లాట్ పీజీ రాయాలి. ఉస్మానియాలో రెండేళ్లు, పీజీ లాసెట్. ఎల్‌ఎల్‌ఎం లాను లోతుగా నేర్పుతుంది. ఊళ్లో ఇంటింటికీ తిరిగి మాట్లాడించడం, పాత రికార్డు చదవడం, సర్వే చేయడం దానితో రావు. ఆ కొరత ఉంటే ఎంఏ చేయండి.

ఏ దారిలో ఉన్నా హైదరాబాద్‌లో చేయగల పనులు

తార్నాకలో తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. మొఘల్ కాలం నుంచి ఆసఫ్‌జాహీల దాకా కాగితాలు అక్కడున్నాయి, ఎక్కువ భాగం పారసీలో, ఉర్దూలో. సేత్వార్, ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డుల పేర్లు భూమి కేసుల్లో రోజూ వింటాం. వాటిని సొంతంగా చదవగలిగే కొత్త తరం లాయర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఉర్దూ లిపి నేర్చుకోవడానికి కొన్ని నెలలు పెట్టండి. హైదరాబాద్‌లో లాను, చరిత్రను కలపడానికి ఇంతకంటే సూటి మార్గం నాకు తెలియదు. భాష మీద చిన్న సర్టిఫికెట్ కోర్సులకు బార్ కౌన్సిల్ నిబంధనలో అడ్డు కూడా లేదు.

ఇంటర్న్‌షిప్ నిబంధనను మీకు అనుకూలంగా వాడుకోండి. మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు చేయాలి. స్వచ్ఛంద సంస్థల్లో చేసిన పని కూడా ఇందులో లెక్కలోకి వస్తుంది. అన్ని వారాలూ లా ఫర్మ్ ఏసీ గదిలో గడపకుండా, సగం సీనియర్ లాయరు వెంట కింది కోర్టులో, సగం భూమి, కార్మిక, మహిళా సమస్యల మీద పనిచేసే సంస్థలో గడపండి. మూసీ ఒడ్డున హైకోర్టు ఉంది, ఒక పూట వెళ్లి ప్రభుత్వం మీద వేసే రిట్లు నడిచే కోర్టు హాల్లో కూర్చోండి. ప్రభుత్వ న్యాయవాది ఏ జీవో చూపిస్తున్నారో రాసుకుని, సాయంత్రం ఆ జీవో ఎప్పుడు, ఎందుకు వచ్చిందో వెతకండి.

ఎవరికి ఏది

ఇంటర్ పూర్తి కాబోతోంది, ఇంగ్లిష్ చకచకా చదవగలరు, కోర్టులో వాదించాలనే కోరిక బలంగా ఉంది, ఫీజుకు ఇబ్బంది లేదు లేదా స్కాలర్‌షిప్ వచ్చే వీలుంది అంటే క్లాట్ రాయండి. నల్సార్ వస్తే చేరండి. చేరాక మొదటి రెండేళ్ల సోషల్ సైన్స్ పేపర్లను మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

క్లాట్‌లో ర్యాంకు రాలేదు, ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ అంటున్నారా? వద్దు. ఆ ఏడాదిని బీఏ మొదటి సంవత్సరంగా మార్చుకోండి. కోచింగ్ సెంటర్ పోస్టర్ మీద ఫొటో కోసం పోయే ఏడాదిలో మీరు సోషియాలజీ పునాది వేసుకోగలరు.

జడ్జి కావాలనుకునేవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. సివిల్ జడ్జి పరీక్ష రాయడానికి కనీసం మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. ఐదేళ్ల దారిలో అయితే ఇంటర్ తర్వాత ఎనిమిదేళ్లు, డిగ్రీ దారిలో తొమ్మిదేళ్లు. ఎంఏ కూడా రెగ్యులర్‌గా చేస్తే పదకొండు. మీ లక్ష్యం ఇదొక్కటే అయితే ఐదేళ్ల కోర్సో, డిగ్రీ ప్లస్ ఎల్‌ఎల్‌బీయో చాలు, ఎంఏను దూరవిద్యలో పెట్టుకోండి.

డిగ్రీ అయిపోయింది, ఇంట్లో ఉద్యోగం అడుగుతున్నారు, గ్రూప్స్ కూడా రాయాలని ఉంది అనేవాళ్లు ఉస్మానియాలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ రాయండి. గ్రూప్స్ సిలబస్‌లోని రాజ్యాంగం, తెలంగాణ చరిత్ర ఎలాగూ చదువుతారు, అది రెండు వైపులా పనికొస్తుంది. కోర్సు పూర్తయ్యాక ఎన్‌రోల్‌మెంట్ ఫీజు గురించి భయపడకండి. జనరల్ వాళ్ల దగ్గర 750 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

బీటెక్ చేసి లా వైపు చూస్తున్నవాళ్లూ ఉన్నారు. మీకు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఒక్కటే సరిపోదు, సమాజం గురించి చదువు అసలు మొదలే కాలేదు. దూరవిద్యలో ఎంఏ తప్పకుండా జోడించండి.

ఏ కాలేజీ అయినా చేరేముందు ఒకసారి వెళ్లండి. ప్రిన్సిపాల్ గదిలో ఇచ్చే బ్రోచర్ పక్కన పెట్టి క్యాంటీన్‌లో సీనియర్లను అడగండి: సోషియాలజీ పేపర్ ఎవరు చెబుతారు, ఆయన లేదా ఆవిడ ఏ సబ్జెక్టులో పీజీ చేశారు, పోయిన సెమిస్టర్‌లో ఎన్ని క్లాసులు జరిగాయి, లైబ్రరీలో లా రిపోర్టులు కాకుండా చరిత్ర, సమాజశాస్త్రం పుస్తకాలు ఎన్ని అరలున్నాయి, వాటిని ఇంటికి ఇస్తారా. మొదటి ప్రశ్నకే సీనియర్లు పేరు చెప్పలేకపోతే ఆ కాలేజీని మీ వెబ్ ఆప్షన్లలో కిందికి జరపండి.